గ్లాసు కింద చీటీలు

మంగళవారం మధ్యాహ్నం జిలానీ బాషా రెండు బస్సు చీటీలను ఆయిలు డ్రమ్ము మీద పక్కపక్కన పెట్టి, వాటి మీద టీ గ్లాసు బోర్లించాడు. ఒకటి అచ్చిబాబుది, ఒకటి గురప్పది. శుక్రవారం పొద్దున స్కూలు ముందు నుంచి బయలుదేరే బస్సులో చీటీకి ఒక మనిషి ఎక్కవచ్చు. బస్రా మీదుగా బాగ్దాదు, అక్కడి నుంచి అమ్మాను, అక్కడ విమానం. చీటీ మీద పేరు లేదు, నంబరూ ముద్రా మాత్రం ఉన్నాయి. పేర్లు రాస్తే రోజుకో తగాదా వస్తోందని, బస్సులు ఏర్పాటు చేస్తున్న మనదేశంవాళ్ళ కమిటీ రాయడం మానేసింది. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే సీటు.

"ఆఖరుసారి అడుగుతాండా," అన్నాడు జిలానీ. "గెలిచినోడు రెండూ తీసుకుంటాడు. గ్లాసు ఎత్తినాక ఏడ్సేది ల్యా. సరేనా?"

ఇద్దరూ తల ఊపారు.

లెక్క వాళ్ళకి చాలా తేటగా కనిపించింది. అచ్చిబాబు భార్య గంగారత్నం, గురప్ప భార్య పోలేరమ్మ సల్వా అనే పేటలో ఒకే ఇంట్లో పనివాళ్ళు. ఒకరు వంట, ఒకరు పైపని. గురప్ప ఆ ఇంటికే డ్రైవరు. ఇరాకు సైన్యం ఈ దేశంలో దిగిన మూడోనాడు కఫీలు, అంటే ఆ ఇంటి యజమాని, పెళ్ళాం పిల్లల్ని పెద్దకారులో ఎక్కించుకుని సౌదీ వైపు వెళ్ళిపోయాడు. బీరువా తాళాలతో పాటు పనివాళ్ళ పాస్‌పోర్టులు కూడా వెళ్ళిపోయాయి. ఇళ్ళల్లో దొరికిన మగవాళ్ళని సైనికులు ప్రశ్నలడగడానికి పట్టుకుపోతున్నారని తెలిసి గురప్ప గోడ దూకి, అర్దియాలో జిలానీ మెకానిక్ షెడ్డుకి వచ్చి పడ్డాడు. అచ్చిబాబు అంతకు ముందే వచ్చి ఉన్నాడు. చీటీలు పంచిన రోజున క్యూలో నిలబడ్డవాళ్ళకి మాత్రం మనిషికొకటి చొప్పున ఇచ్చారు. సల్వా దాటి రాలేని ఆడవాళ్ళకి చీటీ లేదు. మళ్ళీ బస్సు ఎప్పుడని అడిగితే కమిటీవాళ్ళు ఖాళీ చేతులు చూపించారు.

పెళ్ళాన్ని ఇక్కడ వదిలి ఒక్కడూ పోలేడు. కాబట్టి చెరొక చీటీ ఉంటే ఇద్దరూ ఇక్కడే పడి ఉండాలి. ఒకడి దగ్గర రెండూ ఉంటే ఒక ఇల్లయినా బయటపడుతుంది. ఈ మాట మొదట అన్నది గురప్ప. అంతకంటే న్యాయమైన మాట అచ్చిబాబుకీ తోచలేదు.

బొమ్మా బొరుసూ వేద్దామంటే గురప్ప ఒప్పుకోలేదు.

"దాంట్లో మనిషి చేసేది ఏముందన్నా? పైకెగరేస్తే అదే పడతాది. పేక ఆడదాం. నువ్వు నేర్పిన ఆటే."

ఆ ఆట అచ్చిబాబు అహ్మదీలో నేర్చాడు. అక్కడ ఒక అమెరికా ఇంజనీరు ఇంట్లో ఏడేళ్ళు వంట చేశాడు. గురువారం సాయంత్రాలు ఆ దొర స్నేహితులు వచ్చి బల్ల చుట్టూ కూర్చునేవారు. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద మొదట మూడు, తర్వాత ఒకటి, తర్వాత ఇంకొకటి. ఆ ఏడింట్లో మంచివి ఐదు ఏరుకోవాలి. ఐదూ ఒకే రంగైనా, ఐదూ వరసగా వచ్చినా జతని కొడతాయి. ప్రతిసారీ పందెం ఎంతైనా పెట్టవచ్చు, ఉన్నదంతా ఒకేసారి తోసెయ్యవచ్చు. అచ్చిబాబు ప్లేట్లు మారుస్తూ, ఐసు పోస్తూ చూసి నేర్చుకున్నాడు. బల్ల సర్దుతుంటే దొర సరదాపడి ఎందుకు గెలిచాడో, ఎందుకు ఓడాడో వివరించేవాడు. ఆ దొరని సైనికులు లారీ ఎక్కించుకుపోయారు. ఆట మాత్రం అచ్చిబాబుతో షెడ్డుకి వచ్చింది. పనీ పాటా లేని మూడు వారాల్లో జిలానీకీ గురప్పకీ పట్టుబడింది.

జిలానీ చెరొక వంద ఇనప నట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. అవే పందెం. ఎవరి నట్లు అయిపోతే వాడి చీటీ పోయినట్టు. పంచేది జిలానీ. అతనికి చీటీ బాధ లేదు. బండ్లు బాగుచేసేవాడు కావాలని సైనికులు అతని చేతికి ఒక కాగితం ఇచ్చారు, దేశం దాటనివ్వరు, బతకనిస్తారు.

ఆ రోజంతా అచ్చిబాబుకి ముక్కలు కలిసిరాలేదు. నేర్పినవాడినన్న ధీమా వల్ల అనవసరంగా నాలుగైదు పందేలు కూడా కాసాడు. గురప్ప ముక్క ఎత్తే ముందు బొటనవేలు లుంగీకి తుడుచుకునేవాడు, ఎత్తి ఒక్కసారే చూసేవాడు, మళ్ళీ చూసుకునేవాడు కాదు. పన్నెండేళ్ళు అద్దంలో యజమానుల ముఖాలు చూస్తూ బండి నడిపినవాడు. అచ్చిబాబు కనుబొమ్మ కదిలితే అతనికి తెలిసిపోతోంది. వెలుతురు తగ్గి ఆట ఆపేసరికి గురప్ప ముందు నూట అరవైకి పైగా నట్లున్నాయి, అచ్చిబాబు ముందు ముప్ఫై ఆరు.

"రేపు చూద్దాంలే," అన్నాడు అచ్చిబాబు.

*

బుధవారం పొద్దున జిలానీ బయటికి వెళ్ళి మూడు ఖుబ్బూసు రొట్టెలు తెచ్చాడు. బేకరీ ముందు రెండు గంటలు నిలబడితే దొరికినవి. అచ్చిబాబు పప్పులో ఉప్పు వేసి, గరిటెతో ఒక చుక్క అరచేతిలో పోసుకుని నాకి చూసి, మళ్ళీ కొంచెం వేశాడు. ఏ పరిస్థితిలోనూ చెయ్యి ఆ పని మానలేదు. ముగ్గురూ ఒకే గిన్నె చుట్టూ కూర్చున్నారు.

గురప్ప రొట్టె ముంచుతూ అడిగాడు.

"అన్నా, ఒగ మాట. రంగుకి నాలుగు ముక్కలు పడి ఐదోది రావల్సి ఉంటే, అది రాకముందే మొత్తం తోసెయ్యమంటివి కదా ఆ పొద్దు. ఎందుకని?"

"రెండు దార్లు కదరా అబ్బాయ్. నువ్వు తోసేసరికి అవతలోడు భయపడి వదిలేశాడనుకో, ముక్క రాకుండానే నెగ్గేసినట్టు. వదల్లేదనుకో, ముక్క పడితే నెగ్గుతావు. ఏదోటి తగుల్తాది."

"ఎవురి మీదైనా తొయ్యొచ్చునా అట్ల?"

అచ్చిబాబు రొట్టెలో ఇంకో ముక్క తుంచాడు. దొర చెప్పిన పాఠంలో రెండో సగం అతనికి బాగా గుర్తుంది. ఒక గురువారం దొర పూర్తికాని మంచి ముక్కలతో మొత్తం తోసి, కొంచెమే మిగిలిన ఒక కుర్ర గుమాస్తా చేతిలో ఓడిపోయి, నవ్వుతూ చెప్పాడు. దగ్గర తక్కువ ఉన్నవాడి మీద ఇలా తోయకూడదట. వాడు వదలడు. వదిలి ఏం దాచుకుంటాడు? అప్పుడు మొదటి దారి మూసుకుపోతుంది, ముక్క ఒక్కటే దిక్కవుతుంది. అలాంటివాడితో ఓపిక పట్టి, జత చేతిలోకి వచ్చాకే పందెం కాయాలి.

ఇవాళ దగ్గర తక్కువ ఉన్నవాడు అచ్చిబాబే. గురప్ప ఓపిక పడితే సాయంత్రం లోపల ఆ ముప్ఫై ఆరూ చీమలు మోసుకుపోయినట్టు పోతాయి. గురప్ప తోయడం మొదలుపెడితే అచ్చిబాబుకి ఒక దారి ఉంది.

"ఎవరి మీదైనా తోసెయ్యొచ్చు," అన్నాడు అచ్చిబాబు.

గురప్ప తల ఊపి రొట్టె నోట్లో పెట్టుకున్నాడు. నేర్పినవాడి మాట కదా, అనుమానం ఎందుకు వస్తుంది? అచ్చిబాబు గిన్నె తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. దాన్ని అవసరమైన దానికంటే ఎక్కువసేపు తోమాడు. సిగ్గుగానే ఉంది. కానీ సల్వాలో వెనక గదిలో తలుపుకి ఫ్రిజ్ అడ్డం పెట్టుకుని పడుకునే గంగారత్నం కళ్ళలో మెదిలింది. నాకూ పెళ్ళాం ఉంది కదా అని తనకి తానే చెప్పుకున్నాడు. పోలేరమ్మ పడుకునేది కూడా ఆ ఫ్రిజ్ వెనకే అన్న సంగతి ఆ నిమిషంలో మనసులోకి రానివ్వలేదు.

పదిగంటలకి ఆట మొదలైంది. పావుగంటకే ఆ అవకాశం వచ్చింది.

అచ్చిబాబుకి ఇస్పేటు ఆసు, కళావరు తొమ్మిది. జిలానీ డ్రమ్ము మీద మూడు ముక్కలు పరిచాడు. ఆటీను తొమ్మిది, ఆటీను ఆరు, ఇస్పేటు రెండు. అచ్చిబాబుకి తొమ్మిదుల జత పడింది. గురప్ప ఒకసారి డ్రమ్ము వైపు, ఒకసారి అచ్చిబాబు నట్ల వైపు చూశాడు. తర్వాత రెండు చేతులా తన నట్లని ముందుకి తోశాడు.

"మొత్తం," అన్నాడు.

అహ్మదీ బల్ల మీద అయితే ఇంత పెద్ద పందేనికి ఒక జత తొమ్మిదులు పట్టుకుని ఎవడూ నిలబడడు. రేపు ఆడుకోవచ్చులే అని వదిలేస్తాడు. అచ్చిబాబుకి రేపు లేదు. ముప్ఫై ఆరు నట్లలో సగం దాచుకుంటే దేనికి పనికొస్తాయి? తనకే తెలియనంత తేలిగ్గా చెయ్యి ముందుకి వెళ్ళింది.

"వస్తన్నాను," అన్నాడు.

ముక్కలు తిప్పారు. గురప్పవి ఆటీను ఏడు, ఆటీను ఎనిమిది. రంగుకి నాలుగు, వరసకి నాలుగు. ఏ ఆటీను పడినా, ఏ ఐదు పడినా, ఏ పది పడినా గురప్పదే. పదిహేను ముక్కలు అతని వైపు ఉన్నాయి. రెండు ముక్కలు ఇంకా తిరగాలి. సగానికి సగం, ఇంకా కొంచెం గురప్ప వైపే మొగ్గు.

జిలానీ తిప్పాడు. ఇస్పేటు రాజు. మళ్ళీ తిప్పాడు. కళావరు జాకీ.

గురప్ప ముఖంలో మార్పు లేదు. నట్లు లెక్కపెట్టి ఇవతలికి నెట్టాడు. ఇంకా అతని దగ్గరే ఎక్కువ ఉన్నాయి. గంట తర్వాత ఇస్పేట్లు నాలుగు పడితే మళ్ళీ తోశాడు. ఈసారి వరస లేదు, రంగు ఒక్కటే. మూడింట ఒక వంతు మాత్రమే అతనికి అవకాశం. అచ్చిబాబు ఆరుల జత పట్టుకుని నిలబడ్డాడు. ఇస్పేటు పడలేదు. అచ్చిబాబు ముందు నట్లు నూట నలభై దాటాయి.

"నువ్వు భయపడి వదిలేస్తావనుకున్యా అన్నా," అన్నాడు గురప్ప. అతని గొంతులో నిష్ఠూరం లేదు, తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది. "రెండు తూర్లూ వదల్లేదే?"

అచ్చిబాబు ముక్కలు సర్దుతున్నట్టు తల దించుకున్నాడు. జిలానీ అతని వైపు ఒక క్షణం చూసి, పేక కలపడం మొదలుపెట్టాడు. అతనికేదో అర్థమైంది. ఈ లోకంలో ఇద్దరి మధ్య తల దూర్చి బాగుపడినవాడు లేడని అనుభవంతో తెలిసిన మనిషి కనక ఊరుకున్నాడు.

ఇప్పుడు కొంచెం మిగిలినవాడు గురప్ప. అచ్చిబాబు ఒక్కసారి కూడా తోయలేదు. మూడుసార్లు ఆటీన్లు నాలుగు పడ్డాయి, మూడుసార్లూ చిన్న పందెం దగ్గరే ఆపేశాడు. కూరలో ఉప్పు వేసినంత జాగ్రత్తగా ఆడాడు. మధ్యాహ్నం రెండు గంటలు దాటాక అతని చేతిలోకి రెండు రాజులు వచ్చాయి. అప్పుడు తోశాడు. గురప్ప తన నట్ల వైపు చూశాడు. ఒక గుప్పెడు ఉన్నాయి.

"ఇవి పెట్టుకోని ఏం జేస్కోవల్ల," అని అన్నీ ముందుకి జరిపాడు.

అతనివి ఆసు, పది. డ్రమ్ము మీద ఐదు ముక్కలూ తిరిగాయి. ఆసు రాలేదు, పదీ రాలేదు.

గురప్ప చెయ్యి చాచి తనే గ్లాసు ఎత్తాడు. రెండు చీటీలూ తీసి, అంచులు కలిపి, అచ్చిబాబు ముందు పెట్టాడు. గ్లాసు కడిగి బోర్లించడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. అచ్చిబాబుకి గెలిచిన సంతోషం రాలేదు, ఊపిరి మాత్రం వచ్చింది.

*

గురువారం గురప్ప తన చొక్కా ఉతుక్కున్నాడు, అచ్చిబాబుది కూడా ఉతికాడు. ప్రయాణానికి మాసిన బట్టలతో పోతావా అన్నాడు. తీగ మీద రెండు చొక్కాలూ పావుగంటలో ఎండిపోయాయి. మడిచి ఇస్తూ చెప్పాడు.

"ఒగ ఉపకారం చెయ్యన్నా. పేకలో పోయిందని పోలేరికి చెప్పొద్దు. యాడనో పారేసుకున్యా అని చెప్తా. తిడతాది, తిట్టనీ. ఆ తిట్టు పడతా గానీ, ఇది చెప్పలేను."

"అలాగేలే," అన్నాడు అచ్చిబాబు. "మళ్ళీ బస్సు వేత్తారంటున్నారు కదా."

"ఏస్తారు ఏస్తారు," అన్నాడు గురప్ప. ఇద్దరికీ నమ్మకం లేదు.

దోసెడు ఖర్జూరాలు ఎక్కడో సంపాదించి గురప్ప ఒక కాగితంలో చుట్టి ఇచ్చాడు. అచ్చిబాబు వద్దనలేక తీసుకున్నాడు. వద్దంటే పాఠంలో దాచిన సగం చెప్పాలి. నిన్న పొద్దున చెప్పి ఉంటే సరిపోయేది, ఇవాళ చెబితే ఎవరికి ఉపయోగం? ఇలాంటి సమాధానాలు ఎవరూ నేర్పక్కర్లేదు, వాటంతటవే నోటికొస్తాయి.

సాయంత్రం జిలానీ పానాలు గుడ్డతో తుడుస్తూ, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"ఓడినోడు అక్కడే ఏడిస్తే, గెలిచినోడు ఇంటికి పోయి ఏడ్చినాడంట. మా నాయన చెప్తాండె, కోర్టు కేసుల గురించి."



*

శుక్రవారం ఏడింటికే స్కూలు ముందు జనం. మూటలు, సూట్‌కేసులు, ప్లాస్టిక్ డబ్బాల్లో నీళ్ళు. సైనికులిచ్చిన కాగితం చూపించుకుంటూ జిలానీ తన పికప్పులో సల్వా వెళ్ళి ఆడవాళ్ళిద్దరినీ తీసుకొచ్చాడు. గంగారత్నం ఒక్కదాన్నే తెస్తే పోలేరమ్మ ఆ ఇంట్లో ఒంటరిగా ఉండాలి. నిన్న మధ్యాహ్నం సైనికులు మూడోసారి వచ్చారట. మొదటిసారి కారు, రెండోసారి టీవీ, ఏసీలు. ఈసారి తీసుకుపోవడానికి ఏమీ లేక వెనక గది తలుపు కొట్టారట.

"కొట్టి కొట్టి ఎల్లిపోయారు," అంది గంగారత్నం. "మేం ఇద్దరం ఫ్రిజ్జిని పట్టుకుని కూకున్నాం. పోలేరమ్మ నా నోరు మూసేసింది, నేను దాని నోరు మూసేశాను."

ఆమె మణికట్టు మీద గోళ్ళు దిగిన గుర్తులు నాలుగు కనిపించాయి.

బస్సులో అచ్చిబాబు కిటికీ పక్కన కూర్చున్నాడు, గంగారత్నం ఇవతల. డ్రైవరు డీజిలు కోసం వెళ్ళాడు. బస్సు బయలుదేరేసరికి ఇంకా అరగంట పడుతుందన్నారు. గురప్ప దూరంగా గోడ నీడలో నిలబడి ఉన్నాడు, బస్సు దగ్గరికి రాలేదు. పోలేరమ్మ మాత్రం కిటికీ కిందకి వచ్చి, నీళ్ళ సీసా పైకి అందించింది.

"దావలో తాగక్కా. ఎవురికీ ఇయ్యగాకు. నువ్వు అడిగినోళ్ళకంతా ఇస్తావు."

"నువ్వు ఆ ఇంటికి మళ్ళీ ఎల్లకు," అంది గంగారత్నం, భర్త మీదుగా వంగి.

"ఎళ్ళను. ఈయప్పతో పాటు షెడ్డులోనే ఉంటా. ఆడోళ్ళు ఉండారని తెలిస్తే అక్కడికీ వస్తారంట, జిలానీ అన్న చెప్పినాడు. ఏం జేద్దాం. చీటీ యాడనో పారేసుకున్యాడక్కా. ఇంత కాగితం పెట్టుకోలేకపాయ. పన్నెండేండ్లు బండి నడిపినోడు, లైసెన్సు ఒగనాడు పారేసుకోలేదు."

పోలేరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని గోడ వైపు వెళ్ళింది. గురప్ప ఆమెకి నీడలో చోటు ఇచ్చి తను ఎండలోకి జరిగాడు.

గంగారత్నం చాలాసేపు అటే చూసింది. తర్వాత అచ్చిబాబు చొక్కా జేబు వైపు చూసింది. రెండు చీటీల అంచులు పైకి కనిపిస్తున్నాయి.

"ఈ రెండోది కమిటీవోళ్ళు ఇచ్చారన్నావు."

అచ్చిబాబు చీటీల అంచులు జేబులోకి నొక్కాడు.

"ఏమయ్యా, గురప్పదేనా?"

చెప్పాడు. గురప్ప అన్న మాట, గ్లాసు, నట్లు, తొమ్మిదుల జత, రాజులు. పప్పు తింటూ అబద్ధం చెప్పిన సంగతి కూడా, ఎందుకో, చెప్పేశాడు. చెబితే తేలికవుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. అంతా విని, కూరలో ఏం తక్కువైందో వెతుకుతున్న మనిషిలా కనుబొమ్మలు ముడిచింది.

"చీటీలు రెండేగా," అంది. "ఆడోళ్ళం మేం ఇద్దరం ఉన్నాంగా. మా ఇద్దర్నీ ఎక్కించేసి మీరిద్దరూ ఉండిపోతే సరిపోయేది కదయ్యా. ఇక పేకెందుకు?"

పదిహేను ముక్కలు లెక్కపెట్టినవాడు, మూడింట ఒక వంతు లెక్క కట్టినవాడు, ఈ లెక్క ఎక్కడ తప్పిందో తెలియక ఆమె ముఖం చూశాడు. మూడు రోజులు షెడ్డులో ముగ్గురు మగవాళ్ళు కూర్చున్నారు. ఒక్కరి నోటికీ ఈ మాట రాలేదు. గురప్పకి రాలేదు, అన్నీ తెలిసిన జిలానీకీ రాలేదు. మొగుడూ పెళ్ళాం అంటే ఒక జత అనుకున్నారు. జతను విడదీసి చూడాలని ఎవరికీ అనిపించలేదు.

"తోచలేదు," అన్నాడు.

"ఇప్పుడు తోచింది కదా," అంది గంగారత్నం.

మూటని ఒళ్ళోకి తీసుకుని, రెండు కాళ్ళూ పక్కకి, నడిచే దారిలోకి జరుపుకుంది. అతను లేచి బయటికి వెళ్ళడానికి సరిపోయేంత చోటు ఇచ్చింది.

అచ్చిబాబు లేవాలనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. లేచి, ఆ గోడ దాకా వెళ్ళి, చీటీ పోలేరమ్మ చేతిలో పెడితే అయిపోతుంది. ఇరవై అడుగుల దూరం. తర్వాత గురప్పతో పాటు షెడ్డుకి వెళ్ళాలి. మగవాళ్ళని పట్టుకుపోయే లారీలు గుర్తొచ్చాయి. దొర లారీ ఎక్కుతూ చెప్పు జారిపోతే దానికోసం వంగడం, వెనక నుంచి తుపాకీ మడమ తగలడం గుర్తొచ్చాయి. ఇంకొంచెం సేపు ఆగి లేద్దాం, డ్రైవరు ఇంకా రాలేదు కదా అనుకున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. చేతులు అక్కడే ఉండిపోయాయి.

డ్రైవరు వచ్చాడు. కమిటీ తరపున వెంకటరాజు అనే అతను వెనక సీట్ల నుంచి చీటీలు పోగుచేసుకుంటూ వచ్చి, వీళ్ళ దగ్గర ఆగాడు.

"రెండేనా అండీ?"

అచ్చిబాబు జేబులోంచి రెండూ తీసి ఇచ్చాడు. వెంకటరాజు వాటిని చింపి సగాలు తిరిగి ఇచ్చి ముందుకి వెళ్ళాడు. ఇంజను మోగింది. గోడ దగ్గర పోలేరమ్మ చెయ్యి ఊపుతోంది. గురప్ప కూడా ఊపాడు, అచ్చిబాబు వైపు చూసి.

ఎండ పెరిగింది. బస్సు ఊరు దాటి, జహ్రా దాటి, ఉత్తరం రోడ్డు ఎక్కింది. ఎవరో బిడ్డకి పాలడబ్బా కలుపుతున్నారు, ఎవరో నీళ్ళు అడుగుతున్నారు. గంగారత్నం కాళ్ళు ఇంకా అలాగే పక్కకి జరిపి ఉన్నాయి.